సాక్ష్యం చెప్పిన కాలు

ప్రిస్సిల్లాకి ముందు ఆ కంపు తగిలింది, మనిషి తరవాత కనపడ్డాడు. పరదేశంలో, బ్లాక్‌టౌన్ దగ్గరి కమ్యూనిటీ హాల్లో వరద బాధితుల శిబిరం అది. నర్సింగ్ చదువుతూనే ఆమె రాష్ట్ర అత్యవసర దళంలో ప్రథమ చికిత్స వాలంటీరుగా చేరింది. బురద కాళ్ళూ, తడి దుప్పట్లూ, పొంగిపోయిన టాయిలెట్లూ చూసి చూసి ముక్కు మొద్దుబారిపోయిందనే అనుకుంది. ఆ మధ్యాహ్నం తెలుగు క్రైస్తవ సంఘం వాళ్ళు పులిహోర గిన్నెలు మోసుకొచ్చారు. వాళ్ళ వెనక కుంటుతూ గిడియన్ వచ్చాడు. అతని దగ్గర్నుంచి వచ్చిన వాసనకి ఆమె ముక్కు మూసుకుంది.

గిడియన్ అమలాపురం కుర్రాడు, యూనివర్సిటీలో మాస్టర్స్ చేస్తున్నాడు. నీళ్ళొచ్చిన ఇంట్లోంచి స్నేహితుడి సామాను మోస్తుంటే రేకు తగిలి పిక్క చీరుకుపోయింది. డాక్టర్ దగ్గరికి బయల్దేరినవాణ్ణి సంఘపెద్ద జోజయ్య ఆపి, ప్రార్థన చేసి, నూనె రాసి, గుడ్డ కట్టాడు. నొప్పి కాస్త తగ్గిందో లేదో, ఆదివారం ఆరాధనలో నిలబెట్టి స్వస్థత కలిగిందని సాక్ష్యం చెప్పించాడు. ఒకసారి సాక్ష్యం చెప్పాక ఆస్పత్రి మెట్లెక్కితే సంఘం ముందు అబద్ధికుడైపోడూ! అందుకని కుర్రాడు నోరు మూసుకుని కుంటుతున్నాడు. ప్రిస్సిల్లాదీ అదే సంఘం, రోజూ మోకరించే పిల్లే, ప్రార్థన మీద ఆమెకేం కోపం లేదు. ఈ పరువు యావ చూస్తేనే ఒళ్ళు మండింది.

“కూర్చో గిడియన్, కట్టు విప్పి చూస్తాను.”

“వద్దక్కా, బానే ఉంది,” అన్నాడు అతను, గిన్నెల పక్కన నిలబడ్డ జోజయ్య వైపు చూస్తూ. అతని ఒళ్ళు దూరానికే సెగలు కక్కుతోంది. పళ్ళు టకటకలాడుతున్నాయి. నిక్కరు అంచు కింద, మోకాలు దాటి తొడమీదికి ఎర్రటి చార పాకింది.

దళంలో నేర్పే మొదటి పాఠం ఒకటుంది. తెలివిలో ఉన్న మనిషి వద్దంటే ముట్టుకోకూడదు.

“ఇన్ఫెక్షన్ పైకెక్కుతోంది. కాలే కాదు, ప్రాణమే పోవచ్చు. అంబులెన్స్ పిలవనీ.”

జోజయ్య ఆమెను పక్కకి లాగి గొంతు తగ్గించాడు. “అందరి ముందూ సీన్ చెయ్యకమ్మాయ్. నెక్స్ట్ వీక్ క్వైట్‌గా జీపీ డాక్టర్‌కి చూపిద్దాం. ఇప్పుడు హాస్పిటల్‌కెళ్తే మన టెస్టిమొనీ ఏమైపోవాలి? థింక్ చెయ్యి.”

సాక్ష్యం చెడకుండా కాలు చెడనిస్తాడట, పెద్దమనిషి! ఆయన సెంటు వాసన కూడా ఆమెకు రోత పుట్టించింది. మందుల పెట్టెలోంచి గ్లవ్స్ తీసి ఆయన చేతిలో పెట్టింది.

“అయితే మీరే విప్పండి అంకుల్. ప్రార్థన చేసింది మీరేగా. మానిందంటే ఇంక నేను మాట్లాడను.”

సంఘం ఆంటీలందరూ చూస్తున్నారు. కాదంటే బాగుండదు. జోజయ్య గ్లవ్స్ తొడుక్కుని, కుర్చీలో కూర్చుని కాలు చాపిన గిడియన్ ముందు వంగాడు. పైపొర తేలిగ్గానే వచ్చింది. లోపలి గుడ్డ అంటుకుపోయింది. లాగాడు. గిడియన్ కెవ్వుమన్నాడు. గుడ్డతోపాటు నల్లబడిన తోలు ఊడొచ్చింది. నూనె, చీము కలిసి పచ్చగా కారి జోజయ్య బూటు మీద పడ్డాయి. ఆయన ఎగిరి గంతేశాడు. ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని గుమ్మం దాకా పరుగెత్తి, బయటికి థూ అని ఉమ్మాడు.

గిడియన్ అదంతా చూశాడు.

“పిలువక్కా,” అన్నాడు. “అంబులెన్స్ పిలువు.”

ఆమె దళం రేడియోలో కబురు చెప్పి, ఊపిరి బిగబట్టి పుండు కడిగి, శుభ్రమైన గుడ్డ కప్పింది. పుండ్లు కడగడం ఆమెకు రోజూ ఉండే పనే. దాన్ని అంత దూరం రానిచ్చిన బుద్ధే ఆమెకు రోత.

అంబులెన్స్ వాళ్ళు కుర్రాణ్ణి స్ట్రెచర్ ఎక్కించేసరికి జోజయ్య మళ్ళీ ప్రత్యక్షమయ్యాడు. బూటు తుడుచుకున్నాడు. ఫోన్ ఎత్తి వీడియో మొదలెట్టాడు.

“దేవుడు మన ప్రార్థన విని కరెక్ట్ టైమ్‌కి అంబులెన్స్ పంపించాడు. గిడియన్, మన సంఘం గ్రూప్ కోసం ఒక్క మాట సాక్ష్యం చెప్పు బాబూ.”

ఛీ, ఇంకానా అనుకుంది ప్రిస్సిల్లా. గిడియన్ అప్పటికే చెయ్యెత్తాడు.

“స్తోత్రం. నా కాలు కుళ్ళిపోయింది. జోజయ్య అంకుల్ మానిందని నాతో చెప్పించారు. ఇవాళ విప్పి చూసి, కంపు భరించలేక పారిపోయారు. ఇదే నా సాక్ష్యం.”

జోజయ్య వీడియో ఆపడానికి ఫోన్ మీద తడుముకుంటున్నాడు. వెనక గిన్నెలు సర్దుకుంటున్న ఆంటీలు అలవాటు కొద్దీ ఒక్క గొంతుతో “ఆమెన్” అన్నారు.