బల్ల చప్పుడు

మా బావ నాలుగుసార్లు పార్లమెంటుకు గెలిచాడు. గెలిచి అక్కడ ఏం వెలగబెట్టాడయ్యా అంటే, బల్ల చరిచాడు. ఎకసెక్కానికి అనడం లేదు, ఉన్నమాటే. పార్టీ పెద్దలు మాట్లాడుతూ ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడల్లా వాళ్ళవైపు సభ్యులంతా అరచేతులతో బల్లలు చరవాలి. అది ఆ సభలో పద్ధతి. అందులో మా బావను మించిన మొనగాడు లేడు. ఆయన అరచెయ్యి పెనమంత ఉంటుంది మరి. మంత్రుల వెనకే ఆయన సీటు కావడంతో టీవీలో మాట మంత్రులది, చప్పుడు మా బావది. ఊళ్ళో ఆయనకు 'బల్ల మెంబరు' అని పేరు పడిపోయింది. మొదట్లో ముద్దుగానే అనేవారు.

నేను ఆయనకు బావమరిదిని, సెక్రటరీని కూడా. ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఆయన చేసిన పనుల మీద రంగుల పుస్తకం వేయించేది నేనే. హాజరు విషయంలో బావకు వంక పెట్టేవాడు లేడు కాబట్టి దాన్ని మొదటి పేజీలో పెద్దక్షరాలతో వేయించేవాణ్ణి. 'సభలో ప్రసంగాలు' అనే పేజీకి మాత్రం సరుకు దొరికేది కాదు. అక్కడ ఆయన రిబ్బన్లు కత్తిరిస్తున్న ఫొటోలు పెట్టేవాణ్ణి.

నాకు ఇంకో ఉద్యోగం కూడా ఉండేది. బావ ఊళ్ళో ఎక్కడ మాట్లాడినా జనం మధ్యలో కూర్చుని మొదటి చప్పట్లు కొట్టాలి. ఆయన మాట ఆపి కళ్ళజోడు తీశాడంటే నాకు గుర్తు. నేను మొదలుపెడితే నా పక్కవాళ్ళు, వాళ్ళను చూసి వెనకవాళ్ళు, అలా అందరూ అందుకునేవారు. "నీ చేతులే లేకపోతే నా నోటికి విలువేముందిరా!" అనేవాడు బావ. నేను పొంగిపోయేవాణ్ణి. బుద్ధి లేకపోతే సరి.

పోయిన వారం నేనూ అక్కా టీవీ ముందు కూర్చున్నాం. మూసేయబోయే ప్రభుత్వ ఫ్యాక్టరీల పేర్లు మంత్రి చదువుతున్నాడు. మా ఊరి పంపుల ఫ్యాక్టరీ పేరు కూడా చదివాడు. చదివి, నీళ్ళు తాగడానికి ఆగాడు. అంతే, ధన్ ధన్ ధన్ మని బల్లలు మోగాయి. మంత్రి భుజం వెనక మా బావ, నవ్వుమొహంతో, రెండు చేతులా బాదుతున్నాడు.

"ఈయనకేం పోయేకాలం వచ్చిందిరా!" అంది అక్క.

నాకు తల కొట్టేసినట్టయింది. ఎందుకంటే అది అల్లాటప్పా ఫ్యాక్టరీ కాదు. బావ వాళ్ళ నాన్న అందులో ఫిట్టరు. అన్న లేతు మిషన్ మీద పనిచేస్తూ అక్కడే గుండె ఆగి పోయాడు. అన్న పోయాక వాళ్ళ వదినకు టూల్ రూమ్‌లో ఉద్యోగం ఇచ్చారు. పనివాళ్ళకు పనిముట్లు ఇచ్చి, సాయంత్రం తిరిగి తీసుకుని తుడిచి పెట్టే పని. తల్లిలేని బావను పెంచిందీ, చదివించిందీ ఆవిడే. ఆయన మొదటిసారి గెలిచినప్పుడు ఆవిడ నీలం యూనిఫాం కోటుతోనే పరిగెత్తుకొచ్చి దిష్టి తీసింది. ఇప్పుడు ఆ ఉద్యోగం పోతోంది. ఆవిడదే కాదు, ఊళ్ళో సగం ఇళ్ళలో అదే ఏడుపు.

రెండు రోజుల తర్వాత బావ ఇంటికి వచ్చాడు. వీధి గుమ్మంలోంచి కాదు, పెరటి గుమ్మంలోంచి.

"ఏంటి బావా ఇది? మన కొంపకి మనమే నిప్పెట్టుకుని చప్పట్లు కొడతామా?" అన్నాను, ఉండబట్టలేక.

"వినలేదురా."

"వినకపోవడమేంటి? ఆయన వెనకే కదా కూర్చున్నావ్!"

"మంత్రి ఆగాడు. ముందు బెంచీలో చేతులు లేచాయి. నా చేతులూ లేచాయి. అంతే." ఆ మాట అంటున్నప్పుడు ఆయన నా మొహం చూడలేదు, తన చేతుల వంక చూసుకున్నాడు.

అంతలో యూనియన్ నుంచి కబురొచ్చింది. ఆదివారం పొద్దున ఫ్యాక్టరీ షెడ్డులో మీటింగు, మెంబరుగారు వచ్చి సమాధానం చెప్పాలి. ఆ వెనకే పార్టీ నుంచి ఫోను. నోరు జారితే వచ్చేసారి టికెట్టు మర్చిపొమ్మన్నారు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

సరే, నా బుర్రకు పదును పెట్టాను. ఆ బల్ల చప్పుడు అంతకు ముందు చెప్పిన మంచి మాటకనీ, టీవీవాళ్ళు ఇక్కడ ముక్క అక్కడ అతికించారనీ ఒక కాగితం మీద రాసిచ్చాను. జనం చెవిలో పువ్వు పెట్టే రాత అని రాస్తున్నప్పుడే తెలుసు. సిగ్గేసింది కూడా. అయినా రాశాను, అదేగా నా వృత్తి.

అక్క చదివి కాగితం బల్లమీద పడేసింది. "ఊళ్ళోవాళ్ళకి ఎన్నయినా చెప్పండి. ఈ అబద్ధం పట్టుకుని మాత్రం ఆవిడ ముందు నిలబడకండి" అంది బావతో.

"కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందే అక్కా! బావా, నువ్వు మాత్రం నేను రాసింది చదువు. ఒక్క ముక్క ఎక్కువొద్దు, ఒక్క ముక్క తక్కువొద్దు" అన్నాను.

బావ కాగితం తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

ఆదివారం షెడ్డు నిండిపోయింది. మిషన్లు ఆపేశారు. ఫిట్టర్లు పనిచేసే ఇనుప బల్లలు వరసగా ఉంటే, ఎవరి బల్ల దగ్గర వాళ్ళు నిలబడ్డారు. నేను అలవాటు ప్రకారం మధ్యలో ఒక చెక్కపెట్టె మీద కూర్చున్నాను. ముందు వరసలో వదినగారు, అదే నీలం కోటు, ఒళ్ళో చేతులు. ఆవిడ బావను చూసి నవ్వలేదు, మొహమూ తిప్పుకోలేదు.

బావ మైకు ముందుకు వచ్చి కాగితం విప్పాడు. "సోదరులారా..." అని ఆగాడు.

ధన్! షెడ్డులో ఉన్న ఇనుప బల్లలన్నీ ఒక్కసారి మోగాయి.

బావ ఉలిక్కిపడ్డాడు. "మీ కష్టం నాకు తెలుసు..."

ధన్! ధన్!

"నేను ఈ ఫ్యాక్టరీ బిడ్డని..."

ఈసారి రెంచీలతో కొట్టారు. ఒక్కడూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది, తిట్లు పడటం మాకు కొత్త కాదు. వాళ్ళు మాత్రం మొహాలు మామూలుగానే పెట్టుకుని, బావ ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడల్లా బల్లలు చరిచారు. ఆయన పెదవులు ఆడుతున్నాయి, మాట వినపడటం లేదు. భూమి చీలితే లోపలికి పోదామనిపించింది నాకు.

వదినగారు చెయ్యెత్తారు. చప్పుడు ఆగింది.

"చెప్పనివ్వండి" అన్నారావిడ. తర్వాత బావ వైపు తిరిగారు. "చిన్నా, ఒక్కటే అడుగుతాను. విని కొట్టావా, వినకుండా కొట్టావా?"

చదువు బావా, కాగితం చదువు, అని లోపల నేను దండాలు పెట్టుకుంటున్నాను. రెండో పేరాలో ఉంది జవాబు. చదివితే టికెట్టు ఉంటుంది, ఆయన పదవి ఉంటుంది, దానితోపాటు నా ఉద్యోగమూ ఉంటుంది.

బావ కాగితం వంక చూశాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"వినలేదు వదినా."

షెడ్డులో ఎవరో "ఛీ" అన్నారు. బావ ఆగలేదు.

"ముందు బెంచీలో చేతులు లేస్తే నేనూ కొట్టాను. ఆ ఒక్కరోజే కాదు, ఎప్పుడూ అంతే. వాళ్ళు తానా అంటే నేను తందానా. మీరు నాలుగుసార్లు పంపించారు. వెళ్ళాను, కూర్చున్నాను. ఏ రోజూ వినలేదు. ఏ చట్టానికి కొట్టానో, ఎవరి నోరు కొట్టే మాటకి కొట్టానో నాకు తెలీదు. మన ఊరి పేరు చదివితే కూడా నా చెవికి ఎక్కలేదు. అన్నయ్య మిషన్‌ని ఆపేస్తామంటే నేను... నేను నవ్వుతూ బల్ల చరిచాను వదినా."

పైన రేకుల మీద పావురాలు నడుస్తున్న చప్పుడు వినిపించింది. వదినగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఎప్పుడూ రాసిచ్చింది చదివే మా బావ మొదటిసారి సొంతంగా మాట్లాడాడు. ఇన్నేళ్ళలో ఆయన్ని చూసి గర్వపడ్డది ఆ ఒక్క క్షణమే.

బావ కళ్ళు నిండిపోయాయి. తుడుచుకుందామని కళ్ళజోడు తీశాడు.

నేను చప్పట్లు కొట్టాను.

అందరూ అందుకోవడానికి వీలుగా, గట్టిగా, తాళం తప్పకుండా కొట్టాను. ఎవరూ అందుకోకపోవడం చూసి అలవాటు కొద్దీ ఇంకాస్త గట్టిగా కొట్టాను. అప్పుడు తెలిసింది, ఆ షెడ్డు మొత్తానికి మోగుతున్నవి నా రెండు చేతులేనని. చేతులు గాల్లోనే ఆగిపోయాయి. మనుషులు ఒక్కొక్కరే వెనక్కి తిరిగి చూశారు. ముందు వరసలోంచి వదినగారు కూడా తిరిగారు. ఆవిడ మొహంలో కోపం లేదు.

"నువ్వూ వినలేదా నాయనా?" అన్నారు.

"విన్నానక్కయ్యా" అన్నాను.

ఎవరూ నమ్మలేదు. కళ్ళజోడు చేత్తో పట్టుకుని నన్నే చూస్తున్న బావ కూడా నమ్మలేదు.