మగ్గం గుంతలోంచి కనబడ్డ కాళ్లు

కొత్తవాడ బాల్వాడిలో ఇందిరమ్మ టీచరు పిల్లలతో బొమ్మలు గీయించడం మొదలుపెట్టాక ఆయా పోశవ్వకు పని రెట్టింపయింది. చేనేత సంఘం వాళ్లు పారేసిన డిజైన్ కాగితాలు ఏరి తేవాలి, రంగు సుద్దముక్కలు పంచాలి, గోడల మీది గీతలు తుడవాలి. ‘అ ఆలు రానోళ్లకు బొమ్మలేంది’ అని సణుగుతూనే అన్నీ చేసేది. ఆమె సణుగుడు ఆగిందంటే జ్వరమైనా వచ్చి ఉండాలి.

ఆ శనివారం జ్వరం లేకుండానే ఆగింది.

ఆరేళ్ల సారక్క ‘మా ఇల్లు’ గీసింది. కాగితం నిండా కాళ్లే. మోకాళ్ల దగ్గరికి వచ్చేసరికి కాగితం అయిపోయింది, ఎవరికీ తల లేదు.

“చూడు పోశవ్వా, నెల రోజుల నుంచి ఇదే బొమ్మ. ముందు తలకాయ గీయమని ఎంత చెప్పినా వినదు,” అంది ఇందిరమ్మ. ఆమె హనుమకొండ నుంచి రోజూ బస్సులో వచ్చే మనిషి, మగ్గం ఎరగదు.

పోశవ్వ ముప్పై ఏళ్లు మగ్గం నేసింది. బొమ్మ అడుగున రెండు పలకలు చూసింది, వాటికి కట్టిన తాళ్లు చూసింది. అవి మగ్గం కింది గుంతలో నేతగాళ్లు కాళ్లతో తొక్కే పలకలు. వాటికి పైన నేల గీత, గీత మీద మనుషుల కాళ్లు.

“తప్పు గీయలేదు టీచరమ్మా. కూసున్న కాడికెళ్లి ఏం కనబడ్డదో అదే గీసింది. పొల్ల మగ్గం గుంతల దాక్కున్నది.”

ఇందిరమ్మ మొహం పాలిపోయింది. పిల్ల పిక్కల మీద కమిలిన మచ్చలు ఆమె ఇదివరకే చూసింది. తల్లి సమ్మమ్మను అడిగితే ‘బాయికాడ జారిపడ్డది’ అని తల దించుకుంది. “మీ నాన్న కొడతాడా అని అడుగుతాను,” అని లేవబోతే పోశవ్వ చెయ్యి పట్టి ఆపింది.

“గట్ల అడిగితే నోరిప్పది. జరాగు.”

ఆమె వెళ్లి సారక్క పక్కన కాళ్లు బారజాపి కూర్చుంది. “బిడ్డా, నాకు కండ్లు సరిగ కానొస్తలేవు. ఇవెవరి కాళ్లే?”

“అమ్మయి. కిందపడ్డది. గవి నాయినయి.”

“మరి నువ్వేడున్నవ్?”

సారక్క కాగితం అడుగున ఖాళీ చోట వేలు పెట్టింది. “ఈడ. ఈడికి నాయిన చెయ్యి అందది.”

“అందితేనో?”

పిల్ల గౌను కిందికి లాగి పిక్కలు కప్పుకుంది.

పోశవ్వ ఆ కాగితం పట్టుకుని నేరుగా మొండయ్య ఇంటికి నడిచింది. ఆయన సంఘం పెద్ద. ఆయన మాట మీదే వాడలో అందరికీ నూలు అందుతుంది. సారక్క తండ్రి నర్సింగం నేతలో మొనగాడు కాబట్టి మొండయ్యకు అతనంటే ప్రాణం. ఇంతకుముందు రెండుసార్లు ఇరుగుపొరుగు చెప్పబోతే, ఇంటి ముచ్చట బజార్ల పెట్టొద్దని కసిరాడు. ఇప్పుడు ఈ మనిషి వినకపోతే పిల్ల మళ్లీ ఆ గుంతలోకే పోతుంది.

మొండయ్య గుంతలో కాళ్లు పెట్టుకుని ఖాళీ మగ్గం తాళ్లు సరిచేస్తున్నాడు. బొమ్మ చేతిలోకి తీసుకుని చూసి నవ్వాడు. “పోరగాండ్ల పిచ్చిగీతలు పట్టుకొచ్చి పంచాయితి పెడతవా?”

పోశవ్వకు ఒళ్లు మండింది. “బావా, గుంతల దిగు.”

“దిగే ఉన్న గదా!”

“కాళ్లు కాదు, నువ్వు దిగు. అడుగున కూసో.”

ఆమె గొంతు విని అరవై ఏళ్ల మనిషి దిగి, మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. తల ఎత్తాడు. నేల కళ్ల ఎదుటికి వచ్చింది. మగ్గం చెక్క అడ్డమై పోశవ్వ మొహం కనబడలేదు. కాళ్లే కనబడ్డాయి. చేతిలోని కాగితం చూశాడు, మళ్లీ కాళ్లు చూశాడు. కాగితం తీసుకుందామని పోశవ్వ ఒక అడుగు ముందుకేసింది. ఆయన తల దానంతటదే వంగి, చెయ్యి అడ్డం లేచింది.

లేపిన చెయ్యి దించుకున్నాడు. “నేనే బెదిరిన పోశవ్వా. ఆరేండ్ల పొల్ల ఎట్ల కూసున్నదే ఈ గుంతల,” అంటూ ఏడ్చాడు.

పొద్దుగూకకముందే తల్లీకూతుళ్లను తన ఇంటికి తెచ్చుకున్నాడు. ముందరి గది, అందులో ఉన్న మగ్గం సమ్మమ్మకు ఇచ్చాడు. “నా గడప తొక్కితే నీకు నూలు బంద్,” అని నర్సింగానికి నలుగురిలో చెప్పాడు. పది రోజులు వీధిలో అరిచి, నర్సింగం మగ్గం పని వెతుక్కుంటూ సోలాపూర్ రైలెక్కాడు. పీడ పోయిందని పోశవ్వ అందరూ వినేట్టే అంది.

వానాకాలం వచ్చినా సారక్క ఇంకా కాళ్లే గీస్తోంది. ఇందిరమ్మ తలకాయ మాట మళ్లీ ఎత్తలేదు. రోజూ పక్కన కూర్చుని ఎవరెవరున్నారో చెప్పించుకునేది, చెప్పింది చెప్పినట్టు వినేది.

ఒకరోజు కాగితం మీద పగిలిన మడమలు, వెండి కడియాలు కనబడ్డాయి. అవి పోశవ్వ కాళ్లే. పిల్ల ఇంకా గుంతలోనే ఉందా అని ఆమె దగ్గరికొచ్చి వంగి చూసింది.

“టీచర్, ఇంకో కాగితం,” అంది సారక్క.

తలా ఒకటే అన్నది పోశవ్వ పెట్టిన రూలు. ఇందిరమ్మ ఆమె వైపు చూడకుండానే ఇంకొకటి ఇచ్చింది. సారక్క దాన్ని మొదటిదానికి పైన ఆనించి చీర కుచ్చెళ్లు గీసింది. మూడోది అడిగింది. దాని మీద భుజాలు, కొప్పు, ఇంత పెద్దగా తెరిచిన నోరు వచ్చాయి.

“ఏందే, నా నోరు గంతుంటదా?”

సారక్క నవ్వింది. మళ్లీ మొదటి కాగితం మీదికి వంగి, నేల గీత మీద, కడియాల కాళ్ల పక్కన చిన్న పిల్లను గీసింది. తల, రెండు జడలు, గౌను, కాళ్లు అన్నీ ఉన్నాయి.

“ఇదెవరే?”

“నేనే అవ్వా. ఎక్కొచ్చిన.”

పోశవ్వ కొంగుతో కళ్లొత్తుకుని చెప్పులేసుకుంది. “ఒక్కొక్కరు మూడు మూడు కాగితాలు ఆగం చేస్తే యాడికెళ్లి తేవాలె,” అని సణుగుతూ సంఘం ఆఫీసు వైపు నడిచింది.