ఉస్తాదు చివరి ఎనిమిదడుగులు

బాజీకి ఇరవైనాలుగు అడుగులు వచ్చు. ఆ తర్వాత చేతిలో కర్ర నిలబడిపోతుంది, మనిషి తెల్లమొహం వేస్తాడు. ముప్పైరెండు అడుగుల ఆ కర్రసాము వరస వాళ్ల నాన్న రహ్మాన్ ఉస్తాదుది. చివరి ఎనిమిదీ కొడుక్కయినా సరే ఆఖరి రోజుల్లోనే చెప్పాలని వాళ్లు సాము నేర్పే తాలింఖానా కట్టుబాటు. ఆఖరి రోజులు చెప్పి వస్తాయా, నా మొహం! రెండో ప్రపంచయుద్ధం ముగిసిన మరుసటేడు శ్రావణంలో జ్వరమొచ్చి మూడోనాటికి ఉస్తాదు వెళ్లిపోయాడు. ఇప్పుడు పీర్ల పండుగ పదిరోజుల్లో పడింది. బెజవాడ గవర్నర్‌పేటలో పగలంతా దూది ఏకి పరుపులు కుట్టే బాజీకి ఒకటే దిగులు. పీర్ల ముందు వరస మధ్యలో ఆగిందా, నాన్న ఇక లోకంలో ఎక్కడా మిగలడు.

పోనీ తెలిసినవాడు లేడా అంటే, ఉన్నాడు. మంగళగిరి నేతగాళ్ల వీధిలో కోటిలింగం. ఆయన గరిడీ వేరు, సాము పద్ధతి వేరు. ఏడేళ్ల కిందట ఇద్దరు గురువులూ వరసకు వరస మార్చుకున్నారు. గురువు గురువుకు చెప్పొచ్చట, కొడుక్కి మాత్రం కూడదట! ఆ ఉక్రోషంతోనే బాజీ మూడు నెలలు అటువైపు చూడలేదు. చివరికి అభిమానం చంపుకుని తెల్లవారుజామున రైలెక్కాడు.

ఆరోజు పొగమంచు ఇంతా అంతా కాదు. వంతెన దాటుతుంటే కింద కృష్ణ కనబడదు, పైన ఆకాశం కనబడదు, అంతా ఒకటే తెలుపు. మంగళగిరిలో దిగినా ఆ తెలుపు వదల్లేదు. వీధి పొడవునా పడుగులు సాగదీసి గంజి పెడుతున్నారు. మనుషులు నడుము దాకా తేలి, అంతలోనే మాయమైపోతున్నారు. తనింకా రైల్లో నిద్రపోతున్నాననే అనుకున్నాడు బాజీ.

"ఉస్తాదు కొడుకువి కదూ? రా నాయనా, ఇన్నాళ్లకి దారి తెలిసిందా?" అన్నాడు కోటిలింగం, గంజి కుంచె పక్కన పెట్టి. సంగతి అడగను కూడా అడగలేదు. చూరులోంచి కర్ర లాగాడు.

పడుగు పక్కనే మొదలైంది వరస. ఇరవైఅయిదు, ఇరవైఆరు... బాజీ లెక్కపెడుతున్నాడు. ఇరవైతొమ్మిదో అడుగులో పెద్దాయన ఎడమకాలు నేలకు రాసుకుంటూ ఈడ్చాడు. ముప్పైలోనూ అంతే. పడవ దిగుతూ మోకాలు విరగ్గొట్టుకున్నాక రహ్మాన్ ఉస్తాదు సరిగ్గా అలాగే నడిచేవాడు. బాజీ భగ్గుమన్నాడు.

"ఏంటి బాబాయ్, చచ్చిపోయినోణ్ణి ఎక్కిరిస్తన్నారా?"

కోటిలింగం నొచ్చుకోలేదు. "కాలు విరిగిన ఏడే మీ నాన్న నాకిది చెప్పాడయ్యా. 'ఉస్తాదూ, ఇది అడుగా, నొప్పా?' అని అడిగా. 'నాకేం తెలుసు, చూసింది చెయ్' అని నవ్వాడు. అప్పట్నించీ చూసిందే చేస్తన్నా. దిద్దటానికి నేనెవణ్ణి? నువ్వు కొడుకువి, వద్దనుకుంటే ఆ ఈడ్పు తీసెయ్."

బాజీ ఆయన ఎడమకాలి వంక చూశాడు. "ఇంకోసారి చెయ్యండి," అన్నాడు.

మంచులో మొహం తెలియడం లేదు. పడుగు వెంట కర్ర తిప్పుకుంటూ పోతున్నది మాత్రం నాన్నే. బాజీ అక్కడే, గంజి బానల మధ్య చతికిలబడి, వెక్కి వెక్కి ఏడ్చాడు.

"తీసెయ్యను బాబాయ్," అన్నాడు లేచి. పొద్దెక్కి మంచు విడిపోయేదాకా ఆ ఎనిమిదడుగులే వేశాడు.

పండుగనాడు పీర్ల ముందు, డప్పుల మధ్య, ముప్పైరెండూ పూర్తిచేశాడు. ఎడమకాలు ఈడ్చినచోట, "ఒరేయ్, బాజీకి కాలు బెణికిందిరోయ్!" అని కుర్రకారు గొల్లుమంది. తల్లి జహీదా గుమ్మంలోంచి చూసింది. వరస అయిపోగానే లోపలికి వెళ్లింది.

బాజీ ఇంటికొచ్చేసరికి జహీదా ఆముదం వెచ్చచేసి ఉంచింది. ఏడేళ్లపాటు రోజూ మొగుడి మోకాలికి రాసిన ఆముదం. గిన్నె తెచ్చుకుని కొడుకు ముందు కూర్చుంది.

"కాలు చాపు."

"నా కాలికేం కాలేదమ్మా."

"తెలుసురా. చాపు."

బాజీ ఎడమకాలు చాపాడు.