చిగుళ్ళ నెత్తురు

నౌబాద్‌లో అంబమ్మనూ ప్రేమలనూ చూసినవాళ్ళు తల్లీకూతుళ్ళే అనుకునేవారు. అత్తాకోడళ్ళంటే నమ్మేవారు కాదు. పొద్దున్నే అంబమ్మ కొడుకు శ్రీశైల్ బండి మీద ఫ్యాక్టరీకి పోగానే ఇద్దరూ గడప దగ్గర కూర్చుని ముచ్చట్లాడుతూ పళ్ళకూ చిగుళ్ళకూ మిశ్రీ రుద్దుకునేవారు. పొగాకును పెనం మీద నల్లగా మాడ్చి, దంచి, ఆ పొడిని డబ్బాకెత్తేది అంబమ్మే. కూతురు శ్రద్ధ కడుపులో ఉండగా ప్రేమలకు పంటినొప్పి వస్తే మొదటి చిటికెడు ఆమె చేతిలో పెట్టిందీ అంబమ్మే. నొప్పి పోయింది కాని అలవాటు నిలిచిపోయింది.

కొన్నేళ్ళకు ప్రేమల ఉమ్మితే నెత్తురు పడసాగింది. వేడి చేసిందిలే అనుకున్నారు. ఆ తర్వాత ప్రేమలకు షుగర్ బయటపడింది. వాళ్ళ నాయనకూ ఉండేది కనుక ఎవరూ ఆశ్చర్యపోలేదు. గోలీలు మార్చినా దిగకపోయేసరికి డాక్టరమ్మ నోరు తెరవమంది.

"చిగుళ్ళల్ల చీము పట్టింది ప్రేమలా. ఈ వాపు నోట్లెనే ఉంటదనుకుంటున్నవా? ఇది తగ్గకుంటే షుగర్ దిగదు, షుగర్ దిగకుంటే ఇది మానదు. రేపు గుండె నరాలు గూడ ఖరాబైతయి. మిశ్రీ ఇయ్యాల్నే బంద్ చెయ్యి."

ఇంటికి రాగానే అంబమ్మ డబ్బా మొత్తం మోరీలో గుమ్మరించింది. తల పగిలిపోతున్నట్టుండేది, చేతులు వణికేవి, అయినా మళ్ళీ ముట్టలేదు. ప్రేమల వల్ల కాలేదు. దుకాణంలో పొట్లం కొని స్నానాల గదిలో దాచుకుంది. వాసన పట్టి అంబమ్మ అడిగేసింది.

"మల్ల ఎందుకే బిడ్డా?"

"తల నొస్తాంది అత్తమ్మా. ఆయనకు చెప్పకు. శ్రద్ధ పరీక్షలైనంక మానేస్త."

అంబమ్మ చెప్పలేదు.

ఆ ఎండాకాలం ఒక పొద్దున ప్రేమల రొట్టెలు కొడుతూ దవడ నొస్తోందని గోడకు ఆనుకుంది. మళ్ళీ పన్నే అనుకుని అంబమ్మ లవంగం వెతుకుతుంటే, వెనక మనిషి కూలిన చప్పుడైంది. దవాఖానకు చేరకముందే పోయింది. ఆ దవడ నొప్పి గుండెపోటుదని అక్కడ చెప్పారు.

దినాలైనాక తల్లీకొడుకులు డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు. శ్రీశైల్ తల వంచుకుని కూర్చున్నాడు. అంబమ్మే అడిగింది.

"పెండ్లికి ముందుకెల్లి నేను రుద్దిన. నాకేం గాలె. దానికే ఎందుకైందమ్మా?"

"నాయన దిక్కుకెల్లి వచ్చిన షుగర్, మిశ్రీ, ఏండ్లకేండ్ల వాపు, అన్ని ఒక్కతాన కలిసినయి. ఎవరిని పట్టుకుంటదో ముందుగాల చెప్పరాదు అంబమ్మా. నీక్కూడ పరీక్షలు చేపిద్దాం."

రిపోర్టులు వచ్చిన రోజు డాక్టరమ్మ, "నీకు షుగర్ లేదు, గుండె గట్టిగున్నది" అంది. ఆ కాగితాలను అంబమ్మ ముట్టుకోలేదు. బండెక్కాక కొడుకు వీపుకు ముఖం ఆనించి ఏడ్చింది.

"అది దాచుకొని రుద్దేది నాకెర్కనే కొడుకా. నీకు చెప్పకపోతి."

శ్రీశైల్ బండిని రోడ్డు పక్కకు తీసి ఆపాడు. వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"నాక్కూడ ఎర్కనే అమ్మా. పొట్లం నేను గూడ చూసిన. తనంతల తనే మానేస్తదిలే అనుకున్న."

లారీలు పోతూనే ఉన్నాయి. అతను మళ్ళీ బండి స్టార్ట్ చేశాడు.