వదిన పడిన మడి

మా వదిన కలుపుమందు ట్యాంకు వీపున మోస్తూనే మడిలో కుప్పకూలింది. అన్నయ్య ఎత్తుకునేసరికి ఆమె చొక్కా వెనకంతా మందుతో తడిసి ఉంది. ట్యాంకు కారుతోందని మేం ఎప్పటినుంచో మొత్తుకుంటూనే ఉన్నాం. "గుండెజబ్బు మనిషి, పోయింది," అన్నాడు ఆసామి. చచ్చినవాళ్లు లేచొచ్చి అడగరుగా, ఎంతైనా అంటాడు!

మా కూలీల సంఘం కోర్టుకెక్కింది. నిషేధించిన మందు తన పొలంలో చుక్క కూడా పడలేదని ఆసామి ప్రమాణం చేశాడు. వచ్చే వారం మట్టి తీసి పరీక్షించమంది కోర్టు.

మర్నాడే పొలానికి మట్టిని శుద్ధిచేసే ఎంజైముల డ్రమ్ములు దిగాయి. విత్తనం మొలకెత్తని ఆ నేలను బాగుచేయమని మేం ఏడాదిగా అడుగుతున్నాం. సూక్ష్మజీవుల ఎంజైములు మట్టిలోని మందును విరగ్గొడతాయని మా వీధి కాలేజీ పిల్ల మా మీటింగులో చెప్పింది. అప్పుడు నవ్విన ఆసామే ఇప్పుడు, "మీరడిగిందే కదా, చల్లండి!" అన్నాడు. మేం పిచ్చివాళ్లం, చప్పట్లు కొట్టి ట్యాంకులు నింపుకున్నాం.

అన్నయ్య ఆగి కాలేజీ పిల్ల వైపు తిరిగాడు. "చెల్లెమ్మా, ఇది చల్లితే మందు జాడ పోతుందా?"

"తగ్గుతూ పోతుందన్నా," అంది కాలేజీ పిల్ల. ఆమె ముఖం పాలిపోయింది.

"అయితే నా పెళ్లాం జబ్బుతోనే పోయినట్టు!"

"పోయినమ్మాయి తిరిగొస్తుందట్రా?" అన్నాడు ట్రాక్టరు నడిపే మామ. "అదును తప్పితే పిల్లలకేం పెడతాం?"

అదీ నిజమే.

చివరికి మా అమ్మ అంది. "పొలమంతా చల్లుకోండి. నా కోడలు పడిన మడి మాత్రం పరీక్షయ్యేదాకా వదిలేయండి."

"కుదరదు! ముందు ఆ మడే చల్లాలి!" అని అరిచాడు ఆసామి.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం ఇదే. మామ తప్ప అందరూ ట్యాంకులు దించేశారు. ఆయన మాత్రం తలదించుకుని గట్టు మీదే నిలబడ్డాడు.

ఆసామి బయటి కూలీలను, వాళ్ల వెనక పోలీసులను తెచ్చాడు. మేం మడి నిండా పడుకున్నాం. ఆ మట్టి ఘాటుకు కళ్లు మండాయి. బతికుండగా వదిన ఈ నేల మీద ఒక్క పూట నడుం వాల్చలేదని గుర్తొచ్చి నాకు ఏడుపు ఆగలేదు.

"లేవండే, విషపు మట్టి, చస్తారు!" అన్నాడు పోలీసు.

"విన్నారా అందరూ! ఆ మాట కోర్టులో చెప్పు నాయనా," అంది అమ్మ. ఏడుస్తూనే నవ్వాం.

అన్నయ్యను జుట్టు పట్టి ఈడ్చుకెళ్లి వ్యానులో పడేశారు. నా పక్కన ఖాళీ అయిన చోటుకు కూలీలు ట్యాంకు తెస్తున్నారు. అంతలో మామ గట్టు దిగి వచ్చి అక్కడ పడుకున్నాడు.

"కాస్త జరుగమ్మా," అన్నాడు. "మన వీధంతా వస్తోంది."