మడత పడని నోటు

అమ్మకానికి కుడుతున్న గుడ్డ మీద ఏనుగుకి కన్ను చెవి పక్కన కుట్టేసింది, అదీ మేలిమి జరీతో, కొనడానికొచ్చిన షావుకారు పడీపడీ నవ్వాడు, ఇదేంటమ్మా న్వే నీ, మీ మౌల్మీన్‌లో ఏనుగులు చెవులతో చూస్తాయా అని, తనూ నవ్వేసింది, కానీ కన్ను సరైన చోటే కుట్టానని ఇప్పటికీ అనిపిస్తుంది, ఈ బ్యాంకాక్ బస్టాండు మెట్లూ అంతే, ఉన్నట్టు తోచిన చోట లేవు, లేవనుకున్న చోట కాలికి తగులుతున్నాయి, పట్టుకో నా మోచెయ్యి అంటోంది అత్తగారు, పట్టుకుంది, మోచెయ్యా అది, తలుపు గడియ, సరిహద్దు అవతలి ఊరినుంచి ఇంతదూరం బస్సుల్లో కూర్చుని వచ్చిన ముసలిప్రాణం కాస్తయినా మెత్తబడదా, అత్తగారి పేరు, డా ఓన్ మే అంటే ఊళ్ళో ఎవరికి తెలుస్తుంది, వంగని మనిషి అంటే మాత్రం బజారంతా చెయ్యెత్తి చూపిస్తుంది, అదిగో ఆ చేపముద్ద కొట్టు, బేరమాడావా గిన్నె మీద మూతేస్తుంది జాగ్రత్త, ఎంగిలి చేత్తో కాకిని తోలదు, బంధువులొచ్చినా తూకం తూకమే, అలాంటి మనిషి ఇప్పుడు నిజంగానే వంగడం మానేసింది, బస్సులో తన చెప్పు జారితే నువ్వు వంగి తియ్యి అంది, చూపు ఆననిదాన్ని పట్టుకుని, సీట్ల కింద తడుముతుంటే చేతికి వేరుశనగ తొక్కలూ ఎవరి కాలి వేళ్ళో తగిలాయి గానీ చెప్పు ఓ పట్టాన దొరకలేదు, ఎంత ఒళ్ళు మండిందో.

వంగితే నోట్లు వంగుతాయి మరి. పాత కేలండరు అట్టలు రెండు, వాటి మధ్య డాలరు నోట్లు, పైన ప్లాస్టిక్ కవరు, ఆపైన చిరిగిన లుంగీ గుడ్డ చుట్టి పొట్టకి బిగించి ముడి, దానిమీద రవిక, అలా కట్టుకున్న దగ్గర్నుంచి ఆవిడ నిలువుగా నిలబడుతుంది, నిలువుగా కూర్చుంటుంది, రోజూ పొద్దున్నే బుద్ధుడి ముందు మూడుసార్లు నేలకి తల ఆనించే మనిషి బయల్దేరిన రోజు నిలబడే చేతులు జోడించింది, పక్కింటావిడ మూతి తిప్పుకుంది, ఓన్ మే ఇప్పుడు దేవుడికి కూడా వంగదమ్మా అని, ఏం చేస్తుంది, మన దగ్గర మడత పడ్డ డాలరు డాలరు కాదు, కోడిగుడ్డు కుళ్ళిందేమోనని చూసినట్టు వెలుతుర్లో తిప్పి తిప్పి చూస్తాడు మార్చేవాడు, నడుమ గీత పడితే ఇంత కోత, మూల నలిగితే ఇంకాస్త కోత, సిరా చుక్కుంటే విసిరి మొహాన కొడతాడు, అందుకే ఆ నోట్లని చంటిపిల్లల్లా సాకింది, గుడ్డ పరిచి ఇస్త్రీ చేసి, పరుపు కింద పెడితే పైన మనుషులు దొర్లుతారని బుద్ధుడి అరుగు వెనక నిలబెట్టి, ఏడాదికొకటో రెండో, బుద్ధగయకి పోవాలని, చచ్చేలోగా ఒక్కసారి ఆ చెట్టు కింద తల ఆనించి రావాలని, ఆ ముచ్చట కాపరానికి వచ్చిన నాటినుంచీ న్వే నీ వింటూనే ఉంది, తన ఎడమ కన్ను పొగబారిపోయాక, కుడి కంటికి పైనుంచి నల్లటి తెర దిగడం మొదలయ్యాక, తెర పూర్తిగా దిగితే ఇక ఎత్తలేం, బ్యాంకాక్ తీసుకుపొండి అని డాక్టరు చెప్పిన రోజు భర్త థూరా పీట మీద కూలబడి అప్పు ఎవరినడగాలో పేర్లు వల్లె వేస్తుంటే ఆవిడ లేచి వెళ్ళి ఆ అట్టలు తెచ్చి కొడుకు ఒళ్ళో పెట్టింది, మరి గయ, అన్నాడు థూరా, బుద్ధుడెక్కడికీ పోడురా, దీని కన్ను పోతుంది, అంతే, దీని అంది, కోడలి పేరు కూడా పలకలేదు, నోట్ల మూలలు మాత్రం వేలితో నిమిరింది, మనిషిని అలా ఎప్పుడైనా నిమిరిందా అనుకుంది తను.

ఆసుపత్రిలో మధ్యాహ్నంలోపు డబ్బు కట్టాలి, వాళ్ళ దేశం డబ్బు, భాట్లే కట్టాలి, కడితే ఇవాళే కత్తి పెడతారు, లేకపోతే వారం తర్వాత రమ్మన్నారు, వారం ఆ తెర ఆగుతుందా, తెల్లారి బస్సు దిగినప్పుడు కనిపించిన చెట్ల తలలు ఇప్పుడు కనిపించడం లేదు, మనుషులు గడ్డం కిందనుంచే ఉన్నారు, అలాంటి గడ్డం ఒకటి దగ్గరికొచ్చి, పెద్దమ్మా, మౌల్మీనేనా, లుంగీ అంచు చూసే పోల్చుకున్నా, అంది, మన భాష, మన యాస, గుండె ఒక్కసారిగా చల్లబడింది, నన్ను కో సాన్ అంటారు, మాదీ అటేపే, ఏంటి చెల్లెమ్మకి కళ్ళా, అయ్యో పాపం, డాలర్లు మార్చాలా, బోర్డు మీదున్న రేటుకంటే పైన నేనిస్తా, మనవాళ్ళకి కాకపోతే ఎవరికి చేస్తాం, పక్క సందులోనే గది, మేడ మీద, ఫాను కింద కూర్చుని తీరిగ్గా లెక్కపెట్టుకుందురు గాని, అత్తగారు కిళ్ళీ నములుతోంది, అతను గొంతు తగ్గించాడు, ఆ కొట్లలో మనమంటే చులకన పెద్దమ్మా, నోటు మీద ఈగ వాలినంత మచ్చున్నా సగానికి సగం కోసేస్తారు, మడతుంటే దొంగనోటని లాక్కుని పోలీసుని పిలుస్తారు, మొన్న ఒకావిడ ఏడుస్తూ పోయింది, పోనీ ఇలా ఇవ్వండి, నేను చూసి చెబుతా ఏది చెల్లుతుందో.

మచ్చ. ఉంది. ఊదారంగు ముద్ర, దోమంత, పండుగ ముందు కొన్న నోటు మీద, ఇంటికొచ్చాక గానీ చూసుకోలేదు, రబ్బరు పెట్టి రుద్దితే ఇంకా పాకింది, ఊళ్ళో ముగ్గురు మార్చేవాళ్ళు తిప్పి కొట్టారు, ఆ ఒక్క నోటూ పోతే ఆసుపత్రి లెక్కకి తక్కువొస్తుంది, ఇచ్చేద్దాం అత్తయ్యా, పొద్దెక్కిపోతోంది, మనోడే కదా, అంది న్వే నీ, అన్నాక తన చేతిలో ఉన్న ఆ మోచెయ్యి వణకడం తెలిసింది, తలుపు గడియ వణికింది, అంటే ఆవిడకీ భయమే, అదే ముద్ర ఆవిడ కళ్ళముందూ ఆడుతోంది, భయపడే మనిషి అడుగు ముందుకెయ్యాలి కదా, లేదా వెనక్కెయ్యాలి, ఆవిడ ఉన్నచోటే నిలబడి కిళ్ళీ పక్క బుగ్గకి నెట్టి, అబ్బాయ్, నువ్వు చెప్పింది నిజమే అయ్యుండచ్చు, కానీ ఆ మాట ఆ కొట్టువాణ్ణే చెప్పనీ, వాడు కాదంటే తిన్నగా నీ దగ్గరికే వస్తా, అంది, లాక్కుంటారు పెద్దమ్మా అంటుంటే, మచ్చున్నదాన్ని ఒక్కదాన్నే ఇస్తా, లాక్కుంటే ఒక్కటే పోద్ది, నీ మేడెక్కాక ఏం పోద్దో నాకేం తెల్సు, అంది, అతను బిగుసుకుపోయాడు, అంటే నన్ను దొంగంటావా, అయ్యో ఎంతమాట నాయనా, మేడలెక్కలేనంటున్నా, తల్లిలాంటిదాన్ని, మోకాళ్ళు నొప్పులు, అంది ఎంతో మెత్తగా, ఆ గొంతు అంత మెత్తగా పలకగలదని కోడలికే తెలియదు.

ఆడవాళ్ళ మరుగుదొడ్డి తలుపు దగ్గర కాపలా నిలబడింది న్వే నీ, లోపల గుడ్డ ముడి విప్పుతున్న చప్పుడు, ప్లాస్టిక్ చప్పుడు, పదిమందిలో పొట్ట విప్పి చూపించకూడదు డబ్బున్నవాళ్ళు, అని లోపలినుంచే పాఠం, నవ్వొచ్చింది, ఈ సమయంలో నవ్వేంటి, ఆవిడ బయటికొచ్చింది పాస్‌పోర్టు పుస్తకం మధ్యలో ఒకే ఒక్క నోటుతో, మళ్ళీ నిటారుగా, డబ్బు మార్చే అద్దాల కొట్టు దగ్గర వరసలో నిలబడ్డారు, గాజు అవతల గోళ్ళరంగు వేసుకున్న రెండు చేతులు, పిల్ల మొహం తెరలోకి పోయింది, చేతులే కనిపిస్తున్నాయి న్వే నీకి, ఆ చేతులు నోటు తీసుకున్నాయి, వెలుతురుకేసి ఎత్తాయి, యంత్రంలోకి తోశాయి, బర్రుమంది, బయటికొచ్చింది, ఊదా ముద్ర పైకే ఉంది, ఆ పిల్ల చూసే ఉంటుంది, ఇక చెబుతుంది, ఇక విసురుతుంది, అంతలో ఆ చేతులు ఆ నోటుని ఠపీమని నడిమికి మడిచి గోటితో గీత కూడా గీసి, పక్కనున్న నోట్ల కట్టకి పైన తొడుగులా తొడిగేశాయి.

అమ్మో, అని అరిచింది అత్తగారు, పొట్ట పట్టుకుని, ఎవరో కత్తితో పొడిచినట్టే, వరసంతా తిరిగి చూసింది, కాపలావాడు పరుగెత్తుకొచ్చాడు, ఏం జరిగిందో కొట్టు పిల్లకి అర్థం కాలేదు, నోటు తీసి అటూ ఇటూ చూసి, తర్వాత అర్థమైనట్టుంది, సరిహద్దు దాటి వచ్చేవాళ్ళని రోజూ చూసే పిల్లే కదా, మన భాషలో తనకొచ్చిన రెండు ముక్కలూ వాడేసింది, ఏం కాదు అమ్మా, ఏం కాదు, బోర్డు మీద ఏ రేటుందో ఆ రేటుకే, పూచికపుల్లంత కూడా కోయకుండా, భాట్లు ఇవతలికి తోసింది, న్వే నీ వెనక్కి తిరిగింది కో సాన్ గొంతు ఉండాల్సిన వైపుకి, అక్కడ కొబ్బరినీళ్ళ బండి గంట తప్ప ఏమీ లేదు, అప్పుడు తెలిసొచ్చింది, ఈ దేశపు దొంగకి ఆ అబద్ధం ఆడటం చేతనవునా, మడత అంటే ఎవరు వణుకుతారో, మచ్చ అంటే ఎవరి ప్రాణం పోతుందో వాడికేం తెలుసు, మనవాడు కాబట్టే తెలిసింది, మన భయాన్ని మనకే అమ్మబోయాడు, తను కొనేసింది కూడా, ఇచ్చేద్దాం అనేసింది కదా, ఆవిడ ఒక్కతే బేరం ఒప్పుకోలేదు, బజార్లో లాగే.

మిగిలినవి కూడా మార్చాక ఆవిడ కిటికీ ముందునుంచి కదిలితేనా, పిల్ల లెక్కపెట్టింది, యంత్రం లెక్కపెట్టింది, ఇప్పుడు ఆవిడ, గాజుకి పొట్ట ఆనించి, ఒక్కొక్క నోటూ కూనిరాగంలాంటి లెక్కతో, చేపముద్ద తూచేటప్పుడు పాడే లెక్క అది, వెనకాల తెల్లదొర ఒకడు గొణుగుతున్నాడు, ఇంకెవరో నాలుక చప్పరించారు, మామూలుగా అయితే న్వే నీకి సిగ్గుతో తల తెగిపడేది, బజార్లో ఎన్నిసార్లు పడలేదు, ఇవాళ మాత్రం, గొణుక్కో నాయనా గొణుక్కో, మా అత్తగారు లెక్కపెడుతోంది, అని దండోరా వెయ్యాలనిపించింది, లెక్క సరిపోయింది, పిల్ల మర్యాదగా రబ్బరు బ్యాండు వేసి ఇస్తానని కట్టకోసం చెయ్యి చాపింది, ఊహూఁ, అత్తగారి అరచెయ్యి కట్టమీద పడింది, తూచాక ఇంకెవరి చెయ్యీ తక్కెట్లోకి రాకూడదే కోడలా, మంచివాళ్ళ చెయ్యైనా సరే, చివరి చెయ్యి మనదై ఉండాలి, అని, పిల్లకేసి తిరిగి ఏం కాదు అమ్మా అని ఆ పిల్ల మాటే ఆ పిల్లకి అప్పజెప్పింది, చీటీ అడిగి తీసుకుంది, చదవడం రాకపోయినా, ఎంత ముచ్చటగా ఉందో ఈవిడ, ఇన్నాళ్ళూ ఈ ముచ్చట తన కంటికెందుకు ఆనలేదు, కళ్ళు బాగున్నప్పుడు కూడా.

బయట ఎండ. ఆసుపత్రికి ఆటో పిలవాలి, ఇంకా పొద్దుంది, సరిపోతుంది, కత్తి ఇవాళే పెడతారు, అత్తగారు గోడవారకి తిరిగి ఏదో చేసుకుంటోంది, ఏంటత్తయ్యా, అంటే, కిసుక్కుమంది, మడత పెడుతున్నానే, అంది, నాలుగు మడతలు, ఇదిగో బొడ్లో కూడా దోపుకున్నా, ఈ ఊళ్ళో డబ్బు మడత పెట్టుకోవచ్చంటే, ఇన్నాళ్ళూ చెప్పరేం, అట్టలు కట్టుకుని శవంలా వచ్చాను కదే, అని నవ్వుతోంది, నోటినిండా, చిన్నపిల్లలా, ఈ నవ్వు థూరా కూడా విని ఉండడు, నవ్వు వింటూ నడుస్తుంటే కాలిబాట అంచు తను అనుకున్న చోట లేదు, చెప్పు జారి కిందెక్కడో పడింది, ఆగండత్తయ్యా, అని తడమడానికి వంగబోయింది న్వే నీ, అంతలో భుజం మీద చెయ్యి పడి ఆపింది, పక్కనున్న ఆ నిటారు మనిషి నడుము దగ్గర విరిగినట్టు కిందికి, ఇంకా కిందికి, మోకాళ్ళు టపటపమన్నాయి, పెద్దవాళ్ళు చిన్నవాళ్ళ పాదం తాకడమా, ఊళ్ళో చూస్తే ఏమంటారు, వద్దత్తయ్యా, పాపం తగులుతుంది, అంటూనే ఉంది, ఆ గరుకు వేళ్ళు చీలమండ పట్టుకుని దుమ్ము దులిపి చెప్పులోకి కాలు దోపి మడమ నిమిరాయి, నోట్ల మూలలు నిమిరినట్టే, అచ్చంగా అలాగే, ఏడుస్తావేంటే న్వే నీ, కళ్ళు తడవనీకు, బోలెడు ఖరీదైన కళ్ళవి, అంది కిందనుంచి, పేరుపెట్టి పిలిచింది, తెర కింద మిగిలిన ఆ కాస్త వెలుతుర్లో వంగిన నెరిసిన తల కనిపిస్తోంది, వంగని మనిషి వంగిన తల, ఊరినుంచి ఇక్కడిదాకా ఒళ్ళు వంచకుండా, దేవుడికి సైతం వంచకుండా, ఈవిడ మడత పడకుండా పొట్టకి కట్టుకుని మోసుకొచ్చింది నా కన్నునే.