చెరి సగం

మా చెల్లెలూ దాని మొగుడూ ఏదైనా చెరి సగం పంచుకుంటారు. టీ అయినా, దుప్పటి అయినా, వాళ్ళు నడిపే బేకరీలో పనైనా అంతే. చూసినవాళ్ళంతా ఎంత ముచ్చటైన జంటో అని మురిసిపోతారు. నాకు మాత్రం ఆ మాట వింటే ఒళ్ళు మండుతుంది. వీళ్ళు ఏం పంచుకున్నారో తెలిస్తే మీకూ మండుతుంది.

ఆ రోజు మధ్యాహ్నం కుట్టుమిషను ముందు కూర్చుని ఎవరిదో ప్యాంటు నడుం వదులు చేస్తున్నాను. చెల్లెలు ఫోన్ చేసింది.

"అక్కా, కాసేపు వచ్చి కౌంటర్లో కూర్చుంటావా? కొంచెం కడుపులో నొప్పిగా ఉంది."

"కొంచెమే అయితే నువ్వే కూర్చోవే. నాకిక్కడ పనుంది."

"కొంచెమంటే... నిలబడలేకపోతున్నా."

దీనితో వచ్చిన తంటా ఇదే. ఇల్లు తగలబడుతున్నా కాస్త ఉక్కగా ఉందంటుంది. ప్యాంటు అక్కడే పడేసి పరిగెత్తాను. బేకరీ మా వీధి చివరే. వెనక గదిలో పొయ్యి పక్కన మైదా బస్తా మీద కూర్చుని ఉంది. మొహం తెల్లగా పాలిపోయింది. ఒక చెయ్యి పొత్తికడుపు మీద, ఇంకో చెయ్యి భుజం మీద. ఎదురుగా మా మరిది సోడా సీసా పట్టుకుని నిలబడ్డాడు.

"గ్యాసే వదినగారూ. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. ఇది తాగితే సర్దుకుంటుంది."

"గ్యాసయితే భుజం ఎందుకు పట్టుకుంది?"

"పైకి తన్నిందేమోనండీ."

పొయ్యిలో గ్యాసు తప్ప ఇతనికి ఇంకే గ్యాసు సంగతీ తెలియదు. అయినా ఆ ధీమా చూడాలి. సీసా లాక్కుని పక్కన పెట్టి చెల్లెలి దగ్గరికి వంగాను.

"అక్కా, నెల తప్పింది," అంది గుసగుసగా. "ఇంకా ఎవరికీ చెప్పలేదు. కానీ నిన్నట్నుంచీ మరకలు కనిపిస్తున్నాయి."

లేపబోతే కళ్ళు తిరిగి నా మీదే వాలిపోయింది.

టాక్సీలో మేమిద్దరం వెనక, మరిది ముందు సీట్లో. అది నా ఒళ్ళో తలపెట్టుకుని నొప్పి గురించి కాదు, ఇంకేదో గొణుగుతోంది.

"డాక్టరమ్మ కోప్పడుతుందక్కా."

"ఎందుకు కోప్పడుతుంది?"

"ఆమధ్య తెల్లబట్ట అవుతోందని వెళ్ళాను. పరీక్ష చేసి క్లమీడియా అంది. భార్యాభర్తలు కలిసినప్పుడు ఒకళ్ళ నుంచి ఒకళ్ళకి వచ్చే ఇన్ఫెక్షనంట. మందులు రాసిచ్చింది. ఆయన్ని కూడా తీసుకురమ్మంది."

"తీసుకెళ్ళావా?"

"రానన్నాడు."

"సరే, నీ మందులు నువ్వు వేసుకున్నావా?"

"సగం వేసుకున్నా."

"మిగతా సగం ఏం చేశావే?"

"ఆయనకిచ్చా. నేనొక్కదాన్నే వేసుకుంటే ఆయన నుంచి మళ్ళీ నాకే వస్తుందని డాక్టరమ్మే చెప్పింది కదా. అందుకని చెరి సగం..."

నొప్పితో మెలికలు తిరుగుతున్న మనిషిని కొట్టకూడదు కాబట్టి ఊరుకున్నాను. ఒకే చొక్కాలో చెరో చెయ్యి దూర్చి ఇద్దరికీ చలి తగ్గుతుందనుకున్నట్టుంది వీళ్ళ తెలివి. ముందు సీట్లో మరిది కుక్కిన పేనులా కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

ఆసుపత్రిలో స్కానింగ్ చేశారు. చేస్తూనే డాక్టరమ్మ మొహం మారిపోయింది. ఆపరేషనుకి తీసుకెళ్ళేముందు, మాకేం చెప్పొచ్చో డాక్టరమ్మ అడిగితే చెల్లెలు మందుల సంగతి ఒప్పేసుకుని, "అక్కకీ ఆయనకీ అన్నీ చెప్పండి, దాచడానికేం లేదు," అందట. తలుపులు మూసుకున్నాయి. మేమిద్దరం బయట బల్ల మీద కూర్చున్నాం.

"వదినగారూ, పొయ్యి ఆపామంటారా?" అన్నాడు మరిది.

అతని వైపు ఒక్క చూపు చూశాను. లేచి ఆ తలుపుల దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. భయం ఉన్నట్టే ఉంది, బుద్ధే ఎక్కడో పారేసుకున్నాడు.

చాలాసేపటికి డాక్టరమ్మ బయటికి వచ్చి, "ప్రాణానికి భయం లేదు," అంది. అప్పటిదాకా బిగబట్టుకున్న ఏడుపు ఒక్కసారిగా వచ్చేసింది.

"గర్భం గర్భసంచిలో నిలవాలి. ఈమెకి దారిలోనే, ట్యూబులోనే నిలిచిపోయింది. ఆ ట్యూబు పగిలి లోపల రక్తస్రావమైంది, భుజం నొప్పి కూడా దానివల్లే. అందుకే తీసెయ్యాల్సి వచ్చింది."

"బిడ్డ?" అన్నాడు మరిది.

"అక్కడ నిలిచిన గర్భాన్ని ఎవరూ కాపాడలేరు బాబూ. ఆ ఇన్ఫెక్షను ట్యూబు లోపల మచ్చలు పెట్టి దారి ఇరుకు చేస్తుంది. ఎన్నాళ్ళుగా ఉందో, ఎవరి నుంచి ఎవరికొచ్చిందో నేను చెప్పలేను. చాలామందికి ఉన్నట్టే తెలియదు. కానీ మీరు మందులు సగం సగం వేసుకున్నారు చూశారూ, దాంతో అది ఇద్దరిలోనూ ఉండిపోయి ఉంటుంది. రెండో ట్యూబు ఇంకా బాగానే ఉంది. అది నిలబడాలంటే ఇద్దరూ ఒకేసారి, ఎవరి మందులు వాళ్ళు, పూర్తిగా వాడాలి. ముందు మీరు పరీక్ష చేయించుకోండి. ల్యాబు కిందే ఉంది."

"రేపు వెళ్తానండీ," అన్నాడు.

డాక్టరమ్మ అటు వెళ్ళగానే నేను అతని మీద విరుచుకుపడ్డాను.

"రేపేంటి? ఇవాళేమొచ్చింది?"

"కింద ల్యాబులో కళ్ళజోడాయన రోజూ మన దగ్గరే బ్రెడ్డు కొంటాడు వదినగారూ. రేపట్నుంచి ఆయన ముందు తలెత్తుకుని ఎలా తిరగను?"

"అయితే ఇంకో ల్యాబుకి పో."

"అక్కడ పనిచేసే అమ్మాయి కూడా కేకులు మన దగ్గరే..."

"ఊరు ఊరంతా నీ బ్రెడ్డే తింటుందా?"

"చాలామంది తింటారండీ," అన్నాడు. ఆ కష్టంలోనూ గొంతులో కాస్త గర్వం వినిపించింది.

నా తల గోడకేసి కొట్టుకోవాలో, అతని తల కొట్టాలో తెలియలేదు. అక్కడ నా చెల్లెలి కడుపు కోసి కుట్లు వేశారు. ఇక్కడ ఇతను బ్రెడ్డు కొనేవాళ్ళ లెక్క చెబుతున్నాడు.

"అయినా నాకేం బాధ లేదండీ. ఒంట్లో బాగానే ఉంది."

"బాధ లేకపోయినా ఉంటుందని ఇప్పుడే కదయ్యా ఆవిడ చెప్పింది! ఆ చెవులు అద్దెకిచ్చావా?"

సాయంత్రం చెల్లెలికి పూర్తిగా తెలివొచ్చింది. డాక్టరమ్మ జరిగిందంతా చెప్పి వెళ్ళింది. అది గోడవైపు తిరిగి కాసేపు ఏడ్చింది. "ఎవరికీ చెప్పను కూడా చెప్పలేదక్కా," అంది. తర్వాత కళ్ళు తుడుచుకుని, "ఆయన ఏమైనా తిన్నాడా?" అంది. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"నీ మొగుడికి తిండికేం తక్కువే! పరీక్షకి వెళ్ళమంటే పరువు పోతుందని కూర్చున్నాడు."

చెల్లెలు అతని వైపు చూసింది. అతను మంచం దగ్గరికి వచ్చి దాని చెయ్యి పట్టుకున్నాడు.

"నీకు కాస్త బాగవనీ. ఇద్దరం కలిసే వెళ్దాం," అన్నాడు మెల్లగా.

అది చెయ్యి వెనక్కి తీసేసుకుంది. పెళ్ళయ్యాక అది అలా చెయ్యడం నేను చూడలేదు.

"ఇద్దరం లేదు. నా సగం నేను ఇచ్చేశాను. కడుపు కోసి తీసుకున్నారు. ఇంక నీ సగమే మిగిలింది. నువ్వు పరీక్ష చేయించుకుని మందులు మొత్తం వేసుకునేదాకా నేను ఆ ఇంటికి రాను. అక్క దగ్గరే ఉంటా."

గొంతు పెంచలేదు. నీరసంగానే అంది. మరిది మొహంలో నెత్తురు చుక్క లేదు. తలుపు తోసుకుని బయటికి నడిచాడు. గేటు దాటి జారుకుంటాడేమోనని నేనూ వెనకాలే మెట్లు దిగాను.

ల్యాబు కిటికీ ముందు జనం ఉన్నారు. అతని వంతు వచ్చింది. కళ్ళజోడాయన తలెత్తి నవ్వాడు.

"ఏంటి బేకరీ అన్నా, ఇలా వచ్చావు?"

మరిది వెనక్కి తిరిగి చూశాడు. నేను నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాను.

"క్లమీడియా పరీక్ష," అన్నాడు.

"ఆఁ? వినపడలా."

"క్లమీడియా పరీక్ష చెయ్యాలి. నాకే."

ఈసారి గది మొత్తానికి వినిపించింది. ఎవరూ తలతిప్పలేదు. వెనకున్న ముసలాయన దగ్గుకుంటూ, తొందరగా కానిమ్మన్నాడు. కళ్ళజోడాయన సొరుగులోంచి మూతున్న డబ్బా తీసి చేతికిచ్చాడు.

"మూత్రం ఇందులో పట్టి తీసుకురా. బాత్రూము ఎడమ పక్కన. అన్నట్టు, రేపు కొట్టు తీస్తావా? మధ్యాహ్నం వస్తే మూసేసి ఉంది. మా పిల్లలు బన్నులని ఒకటే గోల."

మరిది ఆ డబ్బా పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. నా వైపు తిరిగేసరికి కళ్ళనిండా నీళ్ళున్నాయి.

"ఇంతేనా వదినగారూ?"

తిట్టడానికి నా దగ్గర ఇంకా బోలెడు మాటలున్నాయి. అవి ఇంకో రోజుకి దాచుకున్నాను.

"ఇంతే," అన్నాను. "వెళ్ళు. ఎడమ పక్కన."